పాత విమాన ఇంజిన్ల వ్యాసాల్లో కొలతల మార్పిడి: తప్పుల్లేకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతిలో

బ్రిటన్‌లో రోల్స్ రాయిస్ తయారుచేసిన మెర్లిన్ విమాన ఇంజిన్ ఘనపరిమాణం ఎంత అని వెతికితే మూడు జవాబులు దొరుకుతాయి: 1,647, 1,649, 1,650 ఘనపు అంగుళాలు. ఇంజిన్ ఒక్కటే, డ్రాయింగూ ఒక్కటే. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 5.4 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 6 అంగుళాలు, సిలిండర్లు 12. లెక్క కడితే 1,649 వస్తుంది. అమెరికాలో ప్యాకార్డ్ తయారుచేసిన మెర్లిన్‌కు అక్కడి సైన్యం వి-1650 అని పేరు పెట్టింది. 1,650 ఆ పేరులోని అంకె. ఇక 27 లీటర్లు అని కుదించి రాసినదాన్ని ఎవరైనా తిరిగి అంగుళాల్లోకి మారిస్తే 1,647.6 వస్తుంది. దాని తోక కోసేస్తే 1,647.

పేరును కొలత అనుకోవడం, ఒకసారి మార్చినదాన్ని మళ్లీ మార్చడం, ఒకే పేరుతో తిరిగే రెండు యూనిట్లను ఒకటే అనుకోవడం. 1903 రైట్ ఇంజిన్ నుంచి తొలి తరం జెట్ల దాకా ఏ ఇంజిన్ గురించి రాసినా తప్పులు చాలావరకు ఈ మూడు దారుల్లోనే వస్తాయి. ఈ కింది క్రమంలో పనిచేస్తే మూడింటికీ అడ్డుకట్ట పడుతుంది.

1. ముందు మూలం షీటు, ఆ తర్వాతే రాత

వ్యాసం రాస్తూ రాస్తూ ఫోన్‌లో అంకెలు మార్చుకునే అలవాటు మానుకోండి. ముందుగా ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, వాడబోయే ప్రతి అంకెకూ ఒక వరుస కేటాయించండి. కావలసిన గడులు ఇవి:

- ఏ కొలత (శక్తి, ఘనపరిమాణం, బరువు, బూస్ట్ అంటే ఇంజిన్లోకి తోసే గాలి పీడనం, వగైరా)
- మూలంలో ఉన్న అంకె, ఉన్నది ఉన్నట్టు
- మూలంలో ఉన్న యూనిట్
- షరతులు: టేకాఫా, నిరంతరమా, అత్యవసరమా, ఆర్‌పీఎం, ఎత్తు, ఎన్ని నిమిషాలు
- మూలం ఏ దేశానిది, ఏ పేజీ
- మార్చిన అంకె, కుదించకుండా
- వ్యాసంలో కనిపించే అంకె

మూడో గడిలో ఏం రాయాలో తేలకపోతే ఆ వరుసను పక్కన పెట్టండి. యూనిట్ తెలియని అంకెను మార్చడమంటే ఊహించడమే.

షీటులోకి ఎక్కించేటప్పుడే ఒక ఉచ్చు ఉంది. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రష్యన్ పత్రాల్లో దశాంశానికి కామా వాడతారు. వేలను విడదీయడానికి జర్మన్లు చుక్క పెడతారు, ఫ్రెంచివాళ్లు, రష్యన్లు ఖాళీ వదులుతారు. జర్మన్ పట్టికలో 1.475 అని కనిపిస్తే అది పద్నాలుగు వందల డెబ్బై అయిదు. 35,7 అంటే ముప్పై అయిదు దశాంశం ఏడు. ఎక్కించిన వెంటనే మన పద్ధతిలోకి తిప్పి రాసుకోండి.

మూలంలో రెండు యూనిట్లు పక్కపక్కనే ఉంటే రెండింటినీ షీటులో పెట్టకండి. ఆ దేశంలో ఆ రోజుల్లో వాడిన యూనిట్‌నే మూలంగా తీసుకోండి. రెండోది ఎవరో ఎప్పుడో మార్చినదై ఉంటుంది.

2. గుణకాలు ఒకే చోట పెట్టుకోండి

షీటులో ఇంకో పేజీ తీసి వీటిని ఒక్కసారి రాసి పెట్టుకుంటే చాలు. ప్రతి మార్పిడికీ ఈ గడులనే చూపించండి. అంకెలను మళ్లీ మళ్లీ టైపు చేయకండి.

- 1 అంగుళం = 25.4 మి.మీ.
- 1 అడుగు = 0.3048 మీ.
- 1 ఘనపు అంగుళం = 16.387064 సీసీ
- 1 పౌండు = 0.45359237 కిలోలు
- 1 బ్రిటిష్ హార్స్‌పవర్ (హెచ్‌పీ) = 0.7457 కిలోవాట్లు
- 1 మెట్రిక్ హార్స్‌పవర్ (పీఎస్) = 0.7355 కిలోవాట్లు
- 1 బ్రిటిష్ గ్యాలన్ = 4.54609 లీటర్లు
- 1 అమెరికా గ్యాలన్ = 3.785412 లీటర్లు
- 1 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండు) = 6.894757 కిలోపాస్కల్స్
- 1 అంగుళం పాదరసం = 3.38639 కిలోపాస్కల్స్
- 1 మి.మీ. పాదరసం = 0.133322 కిలోపాస్కల్స్
- 1 అటా (జర్మన్ పీడన యూనిట్) = 98.0665 కిలోపాస్కల్స్
- 1 పౌండు థ్రస్ట్ (జెట్ ఇంజిన్ తోపుడు బలం) = 4.448222 న్యూటన్లు
- 1 కిలో థ్రస్ట్ = 9.80665 న్యూటన్లు

ఎక్సెల్‌లోని కన్వర్ట్ ఫంక్షన్ వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అందులో రెండు హార్స్‌పవర్‌లకూ రెండు వేర్వేరు సంకేతాలున్నాయి. ఉత్త గ్యాలన్ సంకేతం ఇస్తే అది అమెరికా గ్యాలన్‌నే తీసుకుంటుంది. బ్రిటిష్ గ్యాలన్‌కు వేరే సంకేతం ఇవ్వాలి.

3. ఏది ముందు, ఏది బ్రాకెట్‌లో

ఒకే ఇంజిన్ గురించిన వ్యాసమైతే ఆ ఇంజిన్ పుట్టిన చోటి యూనిట్ ముందు రావాలి, మెట్రిక్ గానీ కిలోవాట్ గానీ బ్రాకెట్‌లోకి వెళ్లాలి. జర్మన్ డైమ్లర్-బెంజ్ డీబీ 605ఎ వ్యాసంలో "1,475 పీఎస్ (1,085 కి.వా.)", ప్యాకార్డ్ మెర్లిన్ వి-1650-7 వ్యాసంలో "1,490 హెచ్‌పీ (1,111 కి.వా.)" అని రాయండి. జర్మన్ ఇంజిన్‌కు మాత్రం బ్రాకెట్‌లో బ్రిటిష్ హెచ్‌పీ కూడా చేరిస్తే చదివేవారికి మేలు: "1,475 పీఎస్ (1,085 కి.వా.; 1,455 హెచ్‌పీ)".

రెండు దేశాల ఇంజిన్లను పోల్చే వ్యాసంలో ఈ నియమం పనికిరాదు. అక్కడ అన్నిటికీ కిలోవాట్, లీటర్, కిలో ముందు పెట్టి, పుట్టింటి యూనిట్‌ను బ్రాకెట్‌లో పెట్టండి. ఏది ఎంచుకున్నా వ్యాసం మధ్యలో మార్చకండి. మొదటి పేరాలో హెచ్‌పీ ముందుండి, పట్టికలో కిలోవాట్ ముందుంటే చదివేవారు రెండు అంకెలనూ రెండు వేర్వేరు కొలతలుగా చదువుకుంటారు.

పోలిక వ్యాసాల్లో ఈ పట్టింపు ఎందుకంటే, పై రెండు ఇంజిన్లనే చూడండి. 1,475, 1,490 అని పక్కపక్కన పెడితే తేడా 15 అనిపిస్తుంది. ఒకే యూనిట్‌లో పెడితే 1,455కీ 1,490కీ మధ్య 35. పదిహేను, ముప్పై అయిదు అయింది!

4. హార్స్‌పవర్: రెండున్నాయి, ఏదో తేల్చాకే మార్చండి

బ్రిటిష్ హార్స్‌పవర్ సెకనుకు 550 అడుగు-పౌండ్లు. మెట్రిక్ హార్స్‌పవర్ సెకనుకు 75 కిలోగ్రామ్-మీటర్లు. రెండోది మొదటిదానికంటే సుమారు 1.4 శాతం చిన్నది. జర్మన్ పీఎస్, ఫ్రెంచ్ షెవాల్ వపర్, ఇటాలియన్ సీవీ, రష్యన్ లోషదినయా సీలా, జపనీస్ బారికి అన్నీ ఈ రెండో తరగతివే. బ్రిటన్, అమెరికా పత్రాల్లోది మొదటి తరగతి.

చిక్కు ఇంగ్లిష్ అనువాదాల్లో ఉంది. జర్మన్, జపనీస్ అంకెలను అలాగే ఉంచేసి, యూనిట్ పేరు మాత్రం హెచ్‌పీ అని మార్చేస్తారు. డీబీ 601ఎ టేకాఫ్ శక్తి 1,100 పీఎస్. దీన్ని 1,100 హెచ్‌పీ అనుకుని మారిస్తే 820 కి.వా. వస్తుంది, అసలు విలువ 809. నకజిమా సకాయె 12 టేకాఫ్ శక్తి 940 కూడా మెట్రిక్ అంకే: 691 కి.వా., అంటే 927 బ్రిటిష్ హెచ్‌పీ.

చేయాల్సిన క్రమం:

- ఇంజిన్ ఏ దేశంలో రూపొందిందో చూడండి, పుస్తకం ఏ భాషలో ఉందో కాదు.
- మూలంలో కిలోవాట్లు కూడా ఉంటే హార్స్‌పవర్ అంకెను దానితో భాగించండి. 1.34 వస్తే బ్రిటిష్, 1.36 వస్తే మెట్రిక్.
- వ్యాసంలో బ్రిటిష్‌ది "హెచ్‌పీ", మెట్రిక్‌ది "పీఎస్" అని రాయండి. ఫ్రెంచ్, ఇటాలియన్, జపనీస్ ఇంజిన్లకూ "పీఎస్" అనే రాసి, ఆ సంగతి మొదటిసారి ఒక వాక్యంలో చెప్పండి.
- "అశ్వశక్తి" అనే మాట వాడాలనుకుంటే సాధారణ వాక్యాల్లో వాడండి. అంకె పక్కన మాత్రం ఏ హార్స్‌పవరో తెలిసేలా హెచ్‌పీ, పీఎస్‌లలో ఒకటి ఉండాలి.

షరతు లేకుండా శక్తి అంకె రాయకండి. ఒకే ఇంజిన్‌కు టేకాఫ్ శక్తి, ఒక ఎత్తులో గరిష్ఠ శక్తి, అయిదు నిమిషాల అత్యవసర శక్తి, నిరంతర శక్తి వేర్వేరుగా ఉంటాయి. ఒకదాని హెచ్‌పీ పక్కన ఇంకోదాని కిలోవాట్లు చేరడం తరచూ జరిగే పొరపాటు. భాగహారం చేసినప్పుడు 1.34, 1.36 రెండూ రాకుండా 1.30 లాంటిది వస్తే అదే జరిగిందని అనుమానించండి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ఇంజిన్లలో హార్స్‌పవర్ చాలాసార్లు పేరులో భాగం. 130 హెచ్‌పీ క్లెర్జే, 80 హెచ్‌పీ లె రోన్ అన్నవి ఆ ఇంజిన్లను పిలిచిన తీరు. వాటి పక్కన కిలోవాట్లు పెట్టకండి. టెస్ట్ బెంచీ మీద కొలిచిన శక్తి దొరికితే దాన్ని విడి వాక్యంలో రాసి, దాన్ని మార్చండి. మెర్సిడిస్ డి.3 ఇంజిన్‌ను ఇంగ్లిష్ పుస్తకాలు 160 హెచ్‌పీ అంటాయి. అది 160 పీఎస్, అంటే 118 కి.వా.

5. ఘనపరిమాణం: అచ్చులో ఉన్నది నమ్మకండి, లెక్క కట్టండి

సూత్రం తేలిక: 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్ × సిలిండర్ల సంఖ్య. అంగుళాల్లో ఇస్తే ఘనపు అంగుళాలు, సెంటీమీటర్లలో ఇస్తే సీసీ. లెక్క ఎప్పుడూ పుట్టింటి యూనిట్‌లోనే కట్టి, వచ్చిన ఫలితాన్ని మార్చండి. మి.మీ.లోకి మార్చి కుదించిన బోర్‌తో మొదలుపెడితే చిన్న తేడా వర్గంలో పెద్దదవుతుంది.

కొన్ని నమూనాలు చేసి చూసుకోండి:

- రైట్ సోదరుల 1903 ఇంజిన్: 4 × 4 అంగుళాలు, 4 సిలిండర్లు. 201 ఘనపు అంగుళాలు (3.29 లీ.)
- లిబర్టీ ఎల్-12: 5 × 7 అంగుళాలు, 12 సిలిండర్లు. 1,649 ఘనపు అంగుళాలు (27.03 లీ.). మెర్లిన్‌కు దాదాపు సమానం కావడం కాకతాళీయం; ఒకదాని అంకె ఇంకోదానికి పొరపాటున అతికించారేమో అని కంగారు పడనక్కర్లేదు.
- డీబీ 605ఎ: 154 × 160 మి.మీ., 12 సిలిండర్లు. 35.76 లీ. (2,182 ఘనపు అంగుళాలు)
- ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800: 5.75 × 6 అంగుళాలు, 18 సిలిండర్లు. 2,804.5 ఘనపు అంగుళాలు (45.96 లీ.)

చివరిది జాగ్రత్తగా చూడండి. పేరులోని 2800ను మారిస్తే 45.88 లీటర్లు వస్తుంది. అమెరికా ఇంజిన్ల పేర్లలోని అంకె ఘనపరిమాణాన్ని దగ్గరి అయిదుకో పదికో కుదించినది. అది చిరునామా లాంటిది, ఇంటి వైశాల్యం కాదు. పేరును ఎన్నడూ మార్చకండి, పేరు పక్కన బ్రాకెట్‌లో లీటర్లు పెట్టకండి.

సూత్రం తప్పే చోటు కూడా ఒకటుంది. కొన్ని వి-12 ఇంజిన్లలో ఒక వరుస పిస్టన్లు ప్రధాన కనెక్టింగ్ రాడ్‌కు, రెండో వరుసవి ఆ రాడ్‌కు పక్కన తగిలించిన చిన్న రాడ్‌లకు కట్టి ఉంటాయి. అప్పుడు రెండు వరుసల స్ట్రోక్‌లూ ఒకటి కావు. సోవియట్ మికులిన్ ఏఎం-38లో బోర్ 160 మి.మీ.; స్ట్రోక్ ఒక వైపు 190, ఇంకో వైపు దాదాపు 196.8 మి.మీ. రెండింటినీ విడిగా లెక్కిస్తే 46.66 లీటర్లు. అన్నిటికీ 190 వేస్తే 45.84 వచ్చి, దాదాపు ఒక లీటరు మాయమవుతుంది. మీ లెక్క అచ్చులో ఉన్నదానికంటే ఒకటి రెండు శాతం తక్కువ వస్తే ముందు ఈ కారణం చూడండి, ఆ తర్వాతే మూలాన్ని తప్పుపట్టండి. మెర్లిన్‌లో ఒక రాడ్ చీలికలో ఇంకో రాడ్ ఇమిడే అమరిక కాబట్టి ఈ గొడవ లేదు.

లైసెన్సు మీద తయారైన ఇంజిన్లకు ఇంకో జాగ్రత్త కావాలి. రైట్ సైక్లోన్ బోర్ 6.125, స్ట్రోక్ 6.875 అంగుళాలు, అంటే 155.575 × 174.625 మి.మీ. దాని సోవియట్ రూపమైన ఎం-25ను మెట్రిక్ కొలతల్లో తిరిగి గీశారు: 155.5 × 174.5. ఎం-25 వ్యాసంలో 155.5 మి.మీ. (6.12 అంగుళాలు) అని రాయాలి. "అసలు ఇంజిన్ ఇదే కదా" అని బ్రాకెట్‌లో 6.125 పెడితే రెండు వేర్వేరు ఇంజిన్ల కొలతలు ఒకే వరుసలో చేరతాయి.

6. బూస్ట్: సున్నా ఎక్కడో తెలియకుండా ముట్టుకోవద్దు

సూపర్‌ఛార్జర్ ఇంజిన్లోకి తోసే గాలి పీడనాన్ని ఒక్కో దేశం ఒక్కో సున్నా నుంచి కొలిచింది. పాత ఇంజిన్ల వ్యాసాల్లో కెల్లా పెద్ద తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

- బ్రిటన్: చదరపు అంగుళానికి పౌండ్లు, సున్నా అంటే ప్రామాణిక వాతావరణ పీడనం, 14.7 పౌండ్లు. +18 పౌండ్లంటే మొత్తం 32.7.
- అమెరికా: పాదరసపు అంగుళాలు, సున్నా అంటే శూన్యం. వాతావరణ పీడనమే 29.92గా కనిపిస్తుంది.
- జర్మనీ: అటా, శూన్యం నుంచే. 1 అటా అంటే చదరపు సెంటీమీటరుకు 1 కిలో. ఇది ప్రామాణిక వాతావరణ పీడనం కంటే 3 శాతం తక్కువ, కాబట్టి 101.325 కిలోపాస్కల్స్‌తో గుణించకండి.
- సోవియట్ యూనియన్: మి.మీ. పాదరసం, శూన్యం నుంచి.
- జపాన్: మి.మీ. పాదరసమే, కానీ 760కి పైన ఎంత అన్నది.

చివరి రెండింటికీ యూనిట్ ఒకటే, సున్నా మాత్రం వేరు. సోవియట్ ఎం-105పీఎఫ్‌కు 1,050 మి.మీ. అంటే 140 కిలోపాస్కల్స్. జపాన్ సకాయె 12కు +250 మి.మీ. అంటే 760 కలిపి 1,010, అంటే 135 కిలోపాస్కల్స్. కూడిక గుర్తును టైపు చేయడం మరిచిపోతే ఆ ఇంజిన్ దాదాపు ఊపిరాడని స్థితిలో తిరుగుతున్నట్టు లెక్క వస్తుంది.

మార్చే క్రమం మూడు మెట్లు. ముందు సున్నాను శూన్యానికి జరపండి: బ్రిటిష్ అంకెకు 14.696, జపాన్ అంకెకు 760 కలపండి. తర్వాత కిలోపాస్కల్స్‌లోకి మార్చండి. అక్కడి నుంచే మిగతా యూనిట్లకు వెళ్లండి. బ్రిటిష్ బూస్ట్ నుంచి నేరుగా అటాకు వెళ్లే అడ్డదారి వెతక్కండి; కలపాల్సింది మరిచిపోయేది అక్కడే.

సరిచూసుకోవడానికి:

- మెర్లిన్ +18 పౌండ్లు: 225 కిలోపాస్కల్స్, 66.6 అంగుళాల పాదరసం; 2.30 అటా
- మెర్లిన్ +12 పౌండ్లు: 184 కిలోపాస్కల్స్, 54.4 అంగుళాలు, 1.88 అటా
- డీబీ 605ఎ 1.42 అటా: 139 కిలోపాస్కల్స్; 41.1 అంగుళాలు, బ్రిటిష్ లెక్కలో సుమారు +5.5 పౌండ్లు

మస్టాంగ్ యుద్ధ విమానం పైలట్లకిచ్చిన అమెరికా సూచనల్లో ప్యాకార్డ్ మెర్లిన్ అత్యవసర పరిమితి 67 అంగుళాలు. బ్రిటిష్ +18తో అది సరిపోలుతుంది, కాబట్టి మీ లెక్క సరైనదో కాదో ఇక్కడే తేల్చుకోవచ్చు. +18ని నేరుగా 18 పీఎస్‌ఐ అనుకుని మారిస్తే 124 కిలోపాస్కల్స్ వచ్చి, అత్యవసర శక్తి మీదున్న మెర్లిన్ డీబీ 605 కంటే తక్కువ బూస్ట్ మీద నడిచినట్టవుతుంది.

అలాగని సరైన అంకెలు పక్కపక్కన పెట్టి ఏ ఇంజిన్ గొప్పదో తేల్చకండి. డీబీ 605 దాదాపు 36 లీటర్ల ఇంజిన్, మెర్లిన్ 27 లీటర్లది. ఇంధనాలు వేరు, కంప్రెషన్ నిష్పత్తులు వేరు. ఈ మాటను పట్టిక కింద ఒక వాక్యంలో చెప్పండి.

రాసేటప్పుడు బ్రిటిష్ బూస్ట్‌కు కూడిక గుర్తును తప్పనిసరిగా ఉంచండి: "+18 పౌండ్ల బూస్ట్ (225 కిలోపాస్కల్స్, శూన్యం నుంచి)". "శూన్యం నుంచి" అన్నది మొదటిసారి చెబితే చాలు.

7. గ్యాలన్లు, ఇంధన వినియోగం

అమెరికా గ్యాలన్ బ్రిటిష్ గ్యాలన్‌లో 83 శాతం. బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ తొలి రకాల ట్యాంకుల సామర్థ్యం 85 గ్యాలన్లు, బ్రిటిష్‌వి: 386 లీటర్లు. అమెరికా గ్యాలన్ అనుకుంటే 322. అరవై లీటర్ల పైచిలుకు గాలికి పోయినట్టే. ప్యాకార్డ్ మెర్లిన్ బ్రిటిష్ విమానాల్లోనూ, అమెరికా విమానాల్లోనూ ఎగిరింది కాబట్టి ఇంజిన్‌ను బట్టి కాక, ఆ మాన్యువల్ ఎవరు అచ్చువేశారో దాన్ని బట్టి తేల్చుకోండి. పింట్‌కూ ఇదే వర్తిస్తుంది: బ్రిటిష్‌ది 0.568 లీ., అమెరికాది 0.473 లీ.

గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కు ఎంత ఇంధనం అన్న అంకెను మార్చడంలో చాలామంది దిశ తప్పుతారు. శక్తి ఇక్కడ హారంలో ఉంటుంది. పౌండ్లు/హెచ్‌పీ-గంటను 608.3తో గుణిస్తే గ్రాములు/కిలోవాట్-గంట వస్తుంది, 0.50 అంటే 304. జర్మన్ గ్రాములు/పీఎస్-గంటను 1.3596తో గుణించాలి, 220 అంటే 299. గుణించాల్సిన చోట 0.7355 వాడేస్తే 162 వస్తుంది. అంత పొదుపైన పెట్రోల్ విమాన ఇంజిన్ ఆ కాలంలో లేదు. కాబట్టి పిస్టన్ పెట్రోల్ ఇంజిన్‌కు 200 కంటే తక్కువ వస్తే లెక్క తిరగేయండి.

కొన్ని బ్రిటిష్ పత్రాలు ఇదే అంకెను పింట్లలో ఇస్తాయి. దాన్ని గ్రాముల్లోకి మార్చాలంటే ఇంధన సాంద్రత కావాలి. మూలం సాంద్రత చెప్పకపోతే లీటర్లలో ఆగిపోండి.

8. బరువు, థ్రస్ట్

బరువు మార్చడం తేలిక: మెర్లిన్ 61 ఖాళీ బరువు 1,640 పౌండ్లు (744 కిలోలు). "ఖాళీ బరువు"లో నూనె, కూలెంట్ ఉండవు; స్టార్టర్, ఎగ్జాస్ట్ గొట్టాల సంగతి మాత్రం తయారీదారును బట్టి మారుతుంది. మూలం చెబితే రాయండి.

జెట్ ఇంజిన్లలో పౌండ్లు, కిలోలు రెండు పనులు చేస్తాయి: బరువుకూ అవే, థ్రస్ట్‌కూ అవే. థ్రస్ట్‌ను ఎప్పుడూ కిలోన్యూటన్లలోకి మార్చి, "థ్రస్ట్" అనే మాట అంకె పక్కనే ఉంచండి. యుంకర్స్ యూమో 004బి: 900 కిలోల థ్రస్ట్ (8.83 కిలోన్యూటన్లు, 1,984 పౌండ్లు). రోల్స్ రాయిస్ డర్వెంట్ 1: 2,000 పౌండ్ల థ్రస్ట్ (8.90 కిలోన్యూటన్లు).

మన దేశపు ఇంజిన్ల గురించి రాసేవారికి ఇది బాగా అవసరం. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్ఎఫ్-24 మారుత్‌కు బిగించిన ఆర్ఫియస్ 703 బ్రిటిష్ ఇంజిన్: 4,850 పౌండ్లు (21.6 కిలోన్యూటన్లు; 2,200 కిలోలు). కోరాపుట్‌లో తయారైన మిగ్ ఇంజిన్లు సోవియట్ డ్రాయింగులవి, వాటి థ్రస్ట్ కిలోల్లో ఉంటుంది. రెండూ ఒకే వ్యాసంలో వస్తే కిలోన్యూటన్‌ను ముందు పెట్టండి.

జెట్ ఇంధన వినియోగంలో పౌండ్లు/పౌండు-గంట, కిలోలు/కిలో-గంట అంకెలు ఒకటే. 1.4 అటు కూడా 1.4. మార్చాల్సిందల్లా గ్రాములు/కిలోన్యూటన్-సెకనులోకి: 28.33తో గుణిస్తే 39.7.

9. ఉష్ణోగ్రత, ఎత్తు, గేర్ నిష్పత్తి

ఉష్ణోగ్రత వేరు, ఉష్ణోగ్రతలో తేడా వేరు. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే 32 డిగ్రీల సెల్సియస్. ఇంటర్‌కూలర్‌లో గాలి 90 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లబడితే మాత్రం అది 50 సెల్సియస్ డిగ్రీలు. ఇక్కడ 32 తీసేయకూడదు.

ఆర్‌పీఎంకు మార్పిడి లేదు. గేర్ నిష్పత్తిని కొందరు 0.477 అని, కొందరు 2.1కి 1 అని రాస్తారు. ఒక దిశ ఎంచుకుని అన్నిటికీ అదే వాడండి. మెర్లిన్ 3లో 0.477 అంటే ఇంజిన్ 3,000 తిరిగితే ప్రొపెల్లర్ 1,431 తిరుగుతుంది.

10. ఎన్ని అంకెలు ఉంచాలి

ఒక్క పరీక్ష చాలు: బ్రాకెట్‌లోని అంకెను వెనక్కి మారిస్తే మూలంలోని అంకె తిరిగి రావాలి. అలా వచ్చే అతి తక్కువ అంకెలు ఉంచండి, అంతకు మించి వద్దు.

1,490 హెచ్‌పీకి 1,111 కి.వా. రాస్తే వెనక్కి 1,490 వస్తుంది. 1,110 రాస్తే 1,489 అవుతుంది. 1,649 ఘనపు అంగుళాలకు 27 లీటర్లు చాలదు, 27.02 కావాలి. 1,111.09 కి.వా. అని రాస్తే ఎవరూ కొలవని కచ్చితత్వం నటించినట్టే.

ఈ పరీక్షకు రెండు మినహాయింపులు. మూలమే ఉజ్జాయింపుగా చెబితే మార్పిడీ ఉజ్జాయింపుగానే ఉండాలి: "దాదాపు 20,000 అడుగులు (6,100 మీ.)", 6,096 కాదు. బోర్, స్ట్రోక్ డ్రాయింగు కొలతలు కాబట్టి మి.మీ.లో ఒక దశాంశం ఉంచండి: 5.4 అంగుళాలు (137.2 మి.మీ.).

కుదించడం చివర్లో ఒక్కసారే జరగాలి. షీటులో కుదించని అంకె ఉంటుంది, వ్యాసంలోకి కుదించినది వెళుతుంది. శక్తిని బరువుతో భాగించేటప్పుడు షీటులోని పూర్తి అంకెలే వాడండి.

11. వ్యాసంలో అమర్చడం

- పట్టికలో ఒక నిలువు వరుసకు ఒకే యూనిట్, దాని పేరు పైగడిలో. గడుల్లో ఉత్త అంకెలే.
- యూనిట్ సంక్షిప్త రూపం ఒకటే ఉండాలి. ఒకచోట కి.వా., ఇంకోచోట కిలోవాట్ వద్దు.
- అంకెకూ యూనిట్‌కూ మధ్య విడవని ఖాళీ పెట్టండి. లేకపోతే ఫోన్ తెరమీద 1,475 ఒక పంక్తి చివర, పీఎస్ తర్వాతి పంక్తి మొదట పడతాయి.
- ఒకే అంకె పదే పదే వస్తే మార్పిడి మొదటిసారి, పట్టికలో మాత్రమే ఇవ్వండి. ప్రతి వాక్యంలో బ్రాకెట్ ఉంటే చదవడం నరకమవుతుంది.
- ఎవరి మాటనైనా కొటేషన్‌లో ఇస్తే అందులోని యూనిట్‌ను ముట్టుకోకండి. మార్పిడి కొటేషన్ బయట రావాలి.

12. ప్రచురించే ముందు

కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని, షీటు చూడకుండా, వ్యాసంలో కనిపించే అంకెలతోనే ఈ భాగహారాలు చేయండి:

- హెచ్‌పీ ÷ కి.వా. = 1.341
- పీఎస్ ÷ కి.వా. = 1.360
- ఘనపు అంగుళాలు ÷ లీటర్లు = 61.02
- పౌండ్లు ÷ కిలోలు = 2.205
- పౌండ్ల థ్రస్ట్ ÷ కిలోన్యూటన్లు = 224.8
- అడుగులు ÷ మీటర్లు = 3.281

మూడో అంకెదాకా కలవకపోతే ఆ జంటలో ఒకటి వేరే మూలం నుంచి వచ్చిందన్నమాట. షీటుకు వెళ్లి మూలం అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టండి. బ్రాకెట్‌లోని అంకెను సర్ది సరిపెట్టకండి.

తర్వాత ఈ జాబితా:

- ప్రతి శక్తి అంకెకూ షరతు ఉందా?
- హెచ్‌పీనా, పీఎస్సా ప్రతిచోటా స్పష్టమా?
- బోర్, స్ట్రోక్‌తో లెక్కించిన ఘనపరిమాణం వ్యాసంలోని దానితో కలిసిందా? కలవకపోతే కారణం రాశామా?
- ప్రతి బూస్ట్ అంకెకూ సున్నా ఎక్కడో తెలుస్తోందా? బ్రిటిష్, జపాన్ అంకెలకు కూడిక గుర్తు ఉందా?
- గ్యాలన్ ఏ దేశానిదో రాశామా?
- ఇంజిన్ పేరులోని అంకెకు ఎక్కడైనా మార్పిడి తగిలించామా?
- మొదటి పేరాలో, పట్టికలో, ఫొటో కింది వ్యాఖ్యల్లో ఒకే అంకె ఉందా?

ఇప్పటికే ఉన్న వ్యాసాన్ని సరిదిద్దుతుంటే బ్రాకెట్లలో ఉన్నవన్నీ ముందు తీసేయండి. మిగిలినవాటిని మూలంతో పోల్చి నిర్ధారించుకున్నాక, మార్పిడులను కొత్తగా చేర్చండి. ఉన్న బ్రాకెట్లను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ పోతే, అసలు ఏ అంకె ఎవరు మార్చినదో ఎప్పటికీ తేలదు.